వైరస్ ప్రొటీన్లు ఆర్‌ఎన్‌ఏను ఎలా మారుస్తాయి: మొదటి కొస నుంచి చివరి తోక దాకా ఒక సమగ్ర మార్గదర్శి

ఈ అంశం చదవడం మొదలుపెట్టిన చాలామంది ప్రొటీన్ల పేర్ల దగ్గరే ఆగిపోతారు. ఎన్‌ఎస్‌పీ13, ఎన్‌ఎస్‌పీ14, ఎన్‌ఎస్‌పీ16, ఎన్‌ఎస్5, పీబీ2... ఏది ఏం చేస్తుందో బట్టీ పట్టడం, వారం తిరక్కుండా మర్చిపోవడం. అసలు పట్టుకోవాల్సింది ప్రొటీన్‌ని కాదు, ఆర్‌ఎన్‌ఏని. కొత్తగా తయారైన ఆర్‌ఎన్‌ఏ కొస ఎలా ఉంది, కణంలో బతకాలంటే ఎలా ఉండాలి, ఈ రెండింటి మధ్య ఎన్ని రసాయన మార్పులు జరగాలి అన్నది ముందు తెలిస్తే, ఏ ప్రొటీన్ ఎందుకు ఉందో దానంతట అదే అర్థమవుతుంది.

కాబట్టి ఒక కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. అడ్డంగా ఒక గీత గీసి, ఎడమ కొసకు 5 ప్రైమ్ అని, కుడి కొసకు 3 ప్రైమ్ అని రాయండి. ఇక్కడి నుంచి చెప్పే ప్రతి మార్పునూ ఈ గీత మీదే గుర్తించాలి. బయోకెమిస్ట్రీ గురించి కాస్త పరిచయం ఉంటే చాలు.

మెట్టు 1: కణం ఏం అడుగుతుందో ముందు రాసుకోండి

మన కణాల మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ 5 ప్రైమ్ కొసకు క్యాప్ అనే కట్టడం ఉంటుంది. తలకిందులుగా అతుక్కున్న ఒక గ్వానోసిన్, దాని 7వ నైట్రోజన్ మీద ఒక మిథైల్, ఆ వెనకే ఉన్న మొదటి న్యూక్లియోటైడ్ చక్కెర మీద, అంటే రైబోజ్ 2 ప్రైమ్ ఆక్సిజన్ మీద, ఇంకో మిథైల్. 3 ప్రైమ్ కొసకు వరసగా ఎడినిన్లతో పాలీ-ఎ తోక.

ఇవేవీ అలంకారం కోసం లేవు. క్యాప్‌ని ఈఐఎఫ్4ఈ అనే ప్రొటీన్ పట్టుకుంటేనే సాధారణంగా రైబోజోమ్ వచ్చి చేరుతుంది. క్యాప్ పోయి, కొసన ఒకే ఒక్క ఫాస్ఫేట్ మిగిలిన ఆర్‌ఎన్‌ఏను ఎక్స్‌ఆర్‌ఎన్1 అనే ఎంజైమ్ 5 ప్రైమ్ వైపు నుంచి నమిలేస్తుంది. మూడు ఫాస్ఫేట్లు బయటికి కనిపిస్తే రిగ్-ఐ అనే కాపలా ప్రొటీన్ పసిగట్టి, వైరస్ వచ్చిందని చాటే ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక గంట మోగిస్తుంది. క్యాప్ ఉన్నా 2 ప్రైమ్ మిథైల్ లేకపోతే ఐఫిట్1 అనే ఇంకో కాపలా ప్రొటీన్ దాన్ని పట్టేసి అనువాదం, అంటే ఆర్‌ఎన్‌ఏ చదివి ప్రొటీన్ తయారుచేయడం, ఆపేస్తుంది. పొడవాటి జంట పోగు ఆర్‌ఎన్‌ఏ కనపడితే ఎండీఏ5 అనే మరో కాపలా ప్రొటీన్ లేస్తుంది.

అంటే వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఒకేసారి రెండు పనులు సాధించాలి: రైబోజోమ్ చదవాలి, కాపలాకి దొరక్కూడదు. ఈ వాక్యాన్ని కాగితం పైన పెద్ద అక్షరాలతో రాసుకోండి. కింద చూడబోయే ఎంజైమ్‌లు దాదాపు అన్నీ ఈ రెండింటిలో ఒకదాని కోసమో, రెండింటి కోసమో పుట్టినవే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. కణం తన క్యాప్‌ని కేంద్రకంలో, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2 పని చేస్తుండగానే తొడుగుతుంది. చాలా ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ల కాపురం కణద్రవ్యంలో. కేంద్రకంలోని ఆ సరంజామా వాటికి అందదు. కాబట్టి మూడే దారులు: సొంత సరంజామా వెంట తెచ్చుకోవడం, కణం క్యాప్‌ని దొంగిలించడం, క్యాప్ అవసరమే లేకుండా చూసుకోవడం.

అసలు క్యాప్ అనేది ఒకటుందని మనకు తెలిసిందే వైరస్‌ల వల్ల. 1975లో పట్టుపురుగు వైరస్ మీద, రియోవైరస్ మీద పనిచేసిన ఫురుయిచి, షాట్కిన్ తదితరులు, వ్యాక్సీనియా వైరస్ మీద పనిచేసిన బెర్నార్డ్ మాస్ బృందం ఈ కట్టడాన్ని బయటపెట్టారు. వ్యాక్సీనియా క్యాపింగ్ ఎంజైమ్‌ని ప్రయోగశాలల్లో తయారుచేసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు క్యాప్ తొడగడానికి ఇవాళ్టికీ వాడుతున్నారు.

మెట్టు 2: మీ వైరస్ ఏ రకమో, ఎక్కడ పెరుగుతుందో తేల్చుకోండి

ఇది రెండు నిమిషాల పని. జీనోమ్ పాజిటివ్ పోగా (రైబోజోమ్ నేరుగా చదవగలిగేది), నెగెటివ్ పోగా (దానికి జతపడే ఎదురు పోగు), జంట పోగా? ప్రతికృతి, అంటే జీనోమ్ నకళ్లు తీసుకోవడం, కణద్రవ్యంలోనా, కేంద్రకంలోనా? వైరల్‌జోన్ వెబ్‌సైట్‌లో వైరస్ కుటుంబం పేరు కొడితే రెండింటికీ జవాబు దొరుకుతుంది.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. ఎన్‌ఎస్‌పీ అంటే నిర్మాణంలో పాలుపంచుకోని ప్రొటీన్ అని మాత్రమే అర్థం. కరోనావైరస్ ఎన్‌ఎస్‌పీ1కీ చికున్‌గున్యా వైరస్ ఎన్‌ఎస్‌పీ1కీ ఏ చుట్టరికమూ లేదు. మొదటిది కణం ప్రొటీన్ల తయారీని అడ్డుకుంటుంది, రెండోది క్యాప్ తయారుచేస్తుంది. నోట్స్‌లో ప్రతిసారీ వైరస్ పేరు కూడా కలిపి రాయండి.

మెట్టు 3: ఖాళీ కొసను గీసి, నాలుగు రసాయన చర్యలు వేయండి

పాలిమరేజ్ ఏ ప్రైమర్ (పోగు మొదలుపెట్టడానికి ఆసరాగా ఉండే ముక్క) సాయం లేకుండా కొత్త పోగు మొదలుపెడితే, మొదటి న్యూక్లియోటైడ్ తన మూడు ఫాస్ఫేట్లతోనే ఉండిపోతుంది. కాగితం మీద ఎడమ కొసన మూడు చుక్కలు పెట్టండి. పాఠ్యపుస్తకాల్లో కనిపించే మామూలు వరస ఇది:

1. ట్రైఫాస్ఫటేజ్ చివరి ఫాస్ఫేట్‌ని కోసేస్తుంది. రెండు చుక్కలు మిగులుతాయి.
2. గ్వానైలైల్ ట్రాన్స్‌ఫరేజ్ జీటీపీ (మూడు ఫాస్ఫేట్ల గ్వానోసిన్) నుంచి జీఎంపీని (ఒక ఫాస్ఫేట్‌ది) తెచ్చి తలకిందులుగా అతికిస్తుంది. రెండు న్యూక్లియోటైడ్ల 5 ప్రైమ్ కొసలూ ఎదురెదురుగా, మధ్యలో మూడు ఫాస్ఫేట్లు. మామూలు ఆర్‌ఎన్‌ఏ బంధం ఇలా ఉండదు కాబట్టే సాధారణ న్యూక్లియేజ్‌లు దీన్ని తెంచలేవు.
3. ఒక మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్ గ్వానిన్ 7వ నైట్రోజన్ మీద మిథైల్ పెడుతుంది. ఇక్కడికి వచ్చినదాన్ని క్యాప్-0 అంటారు.
4. ఇంకో మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్ మొదటి న్యూక్లియోటైడ్ 2 ప్రైమ్ ఆక్సిజన్ మీద మిథైల్ పెడితే క్యాప్-1.

రెండు మిథైళ్లూ ఎస్-ఎడినోసిల్ మెథియోనిన్ అనే అణువు నుంచే వస్తాయి.

ఈ నాలుగూ చూడకుండా గీయగలిగేదాకా ముందుకు వెళ్లకండి. ఎందుకంటే తర్వాత వచ్చే వైరస్‌లు ఈ వరసను తిరగేస్తాయి, కొన్ని మెట్లు ఎగరేస్తాయి. మూలం గట్టిగా ఉంటేనే ఆ తేడాలు కనిపిస్తాయి.

మెట్టు 4: ఒక్కో వైరస్‌ను రెండు ప్రశ్నలు అడగండి

ఈ అంశంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, నిదానంగా చదవండి. క్యాపింగ్ ఎంజైమ్ ఎదురైనప్పుడల్లా రెండే ప్రశ్నలు వేయండి. ఒకటి: చర్య మధ్యలో ప్రొటీన్‌కు తాత్కాలికంగా అతుక్కునేది జీఎంపీయా, ఆర్‌ఎన్‌ఏయా? రెండు: రెండు మిథైళ్లలో ఏది ముందు?

డెంగీ వైరస్‌తో మొదలుపెట్టండి, ఇది పుస్తకంలోని వరసకు దగ్గరగా ఉంటుంది. ఎన్‌ఎస్3 అనే ప్రొటీన్ చివరి ఫాస్ఫేట్ తీస్తుంది. మిగతా పని ఎన్‌ఎస్5ది. సుమారు 900 అమైనో ఆమ్లాల ఈ ఒక్క ప్రొటీన్‌లో ఒక చివర మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్, ఇంకో చివర పాలిమరేజ్ ఉన్నాయి. ఇక్కడ ప్రొటీన్‌కు అతుక్కునేది జీఎంపీ. మిథైళ్లలో ముందు 7వ నైట్రోజన్, తర్వాత 2 ప్రైమ్. విశేషం ఏమిటంటే రెండు మిథైళ్లనూ ఒకే చురుకు స్థానం (ఎంజైమ్‌లో చర్య జరిగే చోటు) పెడుతుంది. అంటే మొదటి మిథైల్ పడ్డాక ఆర్‌ఎన్‌ఏ జరిగి, రెండో మిథైల్ పడే చోటును ముందుకు తేవాలి.

చికున్‌గున్యా వైరస్ వరసను తలకిందులు చేస్తుంది. దాని ఎన్‌ఎస్‌పీ1 ముందు జీటీపీకి మిథైల్ తగిలిస్తుంది, ఆర్‌ఎన్‌ఏకి అతికించకముందే. ఆ మిథైల్ జీఎంపీని తన మీద ఎక్కించుకుని, ఎన్‌ఎస్‌పీ2 ఫాస్ఫేట్ తీసి సిద్ధం చేసిన ఆర్‌ఎన్‌ఏ కొసకు అందిస్తుంది. పన్నెండు ఎన్‌ఎస్‌పీ1 అణువులు ఉంగరంలా కూడుకుంటాయని 2021లో వచ్చిన క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ చిత్రాలు చూపించాయి. వైరస్ ప్రతికృతి జరిగే చిన్న పొర సంచుల మెడ దగ్గర ఈ ఉంగరం కూర్చుంటుంది. ఈ వైరస్ క్యాప్-0 దగ్గరే ఆగిపోతుంది, 2 ప్రైమ్ మిథైల్ ఉండదు. మరి ఐఫిట్1 నుంచి ఎలా తప్పించుకుంటుంది? ఇదే కుటుంబంలోని వెనిజులా ఈక్వైన్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌లో 5 ప్రైమ్ కొసన ఆర్‌ఎన్‌ఏ మడతే ఐఫిట్1 పట్టు పడకుండా అడ్డుకుంటుందని తేలింది. చేయని రసాయన మార్పుకు బదులు ఆకారంతో నెట్టుకొస్తోందన్నమాట.

పశువులకు సోకే వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్ మొదటి ప్రశ్నకు రెండో జవాబు ఇస్తుంది. దాని ఎల్ ప్రొటీన్‌లో ఒక హిస్టిడిన్ మీదికి జీఎంపీ కాదు, ఆర్‌ఎన్‌ఏయే ఎక్కుతుంది. మూడు ఫాస్ఫేట్లలో ఒకటే మిగిలిన కొసతో ఆర్‌ఎన్‌ఏ ప్రొటీన్‌కు అతుక్కుని ఉండగా, జీడీపీ (రెండు ఫాస్ఫేట్ల గ్వానోసిన్) వచ్చి దాన్ని విడిపించి తానే క్యాప్ అవుతుంది. మిథైళ్ల వరస కూడా తిరగబడుతుంది: ముందు 2 ప్రైమ్, తర్వాత 7వ నైట్రోజన్.

ఇప్పుడు సార్స్-కోవ్-2. ఎన్‌ఎస్‌పీ13 ఫాస్ఫేట్ తీస్తుందనీ, పాలిమరేజ్ ఎన్‌ఎస్‌పీ12కి ఒక పక్కన ఉన్న నిరాన్ అనే భాగం జీఎంపీ అతికిస్తుందనీ, అంటే పుస్తకంలోని వరసే అనీ మొదట్లో అనుకున్నారు. 2022లో వచ్చిన ప్రయోగాలు వేరే దారి చూపించాయి. నిరాన్ భాగం ఆర్‌ఎన్‌ఏ కొసను ఎన్‌ఎస్‌పీ9 అనే చిన్న ప్రొటీన్ మొదటి అమైనో ఆమ్లానికి అతికిస్తుంది. తర్వాత అదే నిరాన్, ఆర్‌ఎన్‌ఏను ఎన్‌ఎస్‌పీ9 నుంచి తీసి జీడీపీ మీదికి మార్చి క్యాప్ పూర్తిచేస్తుంది. కాగితం మీద పైన వేసిన వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్ బొమ్మ పక్కన దీన్ని గీయండి. ప్రొటీన్లు వేరు, రసాయన తర్కం ఒకటే: ఆర్‌ఎన్‌ఏ ముందు ప్రొటీన్ మీదికి, అక్కడి నుంచి జీడీపీ మీదికి.

ఎన్‌ఎస్‌పీ9 మొదటి అమైనో ఆమ్లం ఆస్పరజిన్. దాని ముందు ఇంకేదీ అంటుకుని ఉండకూడదు. కరోనావైరస్ ప్రొటీన్లు మొదట ఒకే పొడవాటి గొలుసుగా తయారై, తర్వాత ప్రొటీన్లను కోసే ప్రొటియేజ్ అనే ఎంజైమ్ చేతిలో ముక్కలవుతాయి. ఆ కోత సరిగ్గా పడితేనే ఎన్‌ఎస్‌పీ9 కొస బయటపడుతుంది, అప్పుడే ఆర్‌ఎన్‌ఏ దానికి అతుక్కోగలదు. ప్రొటియేజ్ అనగానే ప్రొటీన్ల సంగతే గుర్తొస్తుంది, కానీ ఇక్కడ దాని కోత నేరుగా ఆర్‌ఎన్‌ఏ మార్పును నిర్ణయిస్తోంది.

తర్వాత ఎన్‌ఎస్‌పీ14 గ్వానిన్ 7వ నైట్రోజన్ మీద మిథైల్ పెడుతుంది. చివరగా ఎన్‌ఎస్‌పీ16 రెండో మిథైల్ పెడుతుంది, కానీ ఒంటరిగా కాదు, ఎన్‌ఎస్‌పీ10 జత ఉంటేనే. ఈ ఎన్‌ఎస్‌పీ10 ఇంకోచోట ఎన్‌ఎస్‌పీ14కి కూడా తోడవుతుంది, అది కింద చూద్దాం. రెండు ముఖ్యమైన పనులకు ఒకే సహాయక ప్రొటీన్ కావడం వల్ల మందులు వెతికేవాళ్లు దానిమీద ఒక కన్నేసి ఉంచారు.

మెట్టు 5: క్యాప్ దొంగతనం, క్యాప్ లేని బతుకు

ఫ్లూ వైరస్ కేంద్రకంలో పెరుగుతుంది. అక్కడ కణం అప్పుడే తొడిగిన క్యాప్‌లు బోలెడు. ఫ్లూ పాలిమరేజ్‌లో మూడు ప్రొటీన్లు: పీబీ2 కణం ఆర్‌ఎన్‌ఏ క్యాప్‌ని పట్టుకుంటుంది, పీఏ ఆ క్యాప్ తర్వాత 10 నుంచి 13 న్యూక్లియోటైడ్ల దగ్గర కోస్తుంది, పీబీ1 ఆ ముక్కను ప్రైమర్‌గా వాడుకుని వైరస్ సందేశం రాస్తుంది. దీనివల్ల వైరస్ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ మొదట్లో ఉండే ఆ చిన్న ముక్క వైరస్‌ది కాదు, కణానిది.

దీనికి ఒక పర్యవసానం ఉంది. ముందు పరాయి ముక్క ఉన్న మెసెంజర్‌ను నకలు తీస్తే సరైన జీనోమ్ రాదు. అందుకే ఫ్లూ జీనోమ్ నకలు కోసం అదే పాలిమరేజ్ ప్రైమర్ లేకుండా, మొదటి అక్షరం నుంచి వేరుగా మొదలుపెడుతుంది. క్యాప్ ఉన్న సందేశం ఒకటి, క్యాప్ లేని పూర్తి నకలు ఇంకొకటి. కాగితం మీద రెండు గీతలు వేరువేరుగా గీయాలి. పీఏ కోతను ఆపే బాలోక్సవిర్ మందుకు 2018లో జపాన్, అమెరికా అనుమతినిచ్చాయి. ఆర్‌ఎన్‌ఏ మార్పు ఎంజైమ్‌ని గురిపెట్టి చేసిన మందు నేరుగా రోగికి చేరిన ఉదాహరణ ఇది.

పోలియో వైరస్‌కి క్యాప్ అక్కర్లేదు. దాని ఆర్‌ఎన్‌ఏ 5 ప్రైమ్ కొసకు వీపీజీ అనే 22 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ అతుక్కుని ఉంటుంది. ముందు పాలిమరేజ్ వీపీజీలోని మూడో అమైనో ఆమ్లం టైరోసిన్‌కి రెండు యూరిడిన్లు తగిలిస్తుంది. ఆ రెండు యూరిడిన్ల ప్రొటీనే కొత్త పోగుకు ప్రైమర్. మూడు ఫాస్ఫేట్ల కొస ఎప్పుడూ పుట్టదు కాబట్టి దాన్ని వెతికే రిగ్-ఐకి ఇక్కడ చిక్కేదేమీ లేదు. రైబోజోమ్‌ని రప్పించడానికి ఆర్‌ఎన్‌ఏ లోపలే ఐరెస్ అనే మడత ఉంది. అనువాదానికి వెళ్లే పోగు నుంచి వీపీజీని టీడీపీ2 అనే కణం ఎంజైమ్ ఊడదీస్తుంది.

హెపటైటిస్-సి వైరస్‌ది ఇంకో తీరు. దీనికీ ఐరెస్ ఉంది. కానీ దాని పాలిమరేజ్ కొన్ని పోగులను మామూలు న్యూక్లియోటైడ్‌తో కాకుండా, కణ జీవక్రియలో వాడే ఎఫ్‌ఏడీ అణువుతో మొదలుపెడుతుందని 2023లో వెల్లడైంది. కొస మీద కూర్చున్న ఆ ఎఫ్‌ఏడీ కాపలా కళ్లు కప్పడానికి పనికొస్తుంది.

మెట్టు 6: కుడి కొసకు రండి

3 ప్రైమ్ కొస గురించి చాలా పుస్తకాలు ఒక పేరాతో సరిపెడతాయి, ఇక్కడా దాదాపు అంతే సరిపోతుంది. పోలియోలో తోక కోసం వేరే తతంగం లేదు. నెగెటివ్ పోగు మొదట్లో యూరిడిన్ల వరస ఉంటుంది, దాన్ని నకలు తీస్తే ఎడినిన్ల తోక వచ్చేస్తుంది. ఫ్లూలోనూ, వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్‌లోనూ పాలిమరేజ్ ఒక చిన్న యూరిడిన్ వరస దగ్గర చిక్కుకుని, అక్కడే జారుతూ పదేపదే ఎడినిన్ వేస్తుంది. వ్యాక్సీనియాలో వీపీ39 అనే ప్రొటీన్ తోకను పొడిగించడానికి సాయపడుతుంది, మళ్లీ అదే ప్రొటీన్ క్యాప్ మీద 2 ప్రైమ్ మిథైల్ పెడుతుంది. ఎడమ కొస, కుడి కొస రెండూ దాని పనే.

డెంగీకి తోకే లేదు. దాని చివరి భాగంలోని గట్టి మడత దగ్గర ఎక్స్‌ఆర్‌ఎన్1 నమలడం ఆగిపోతుంది. అలా మిగిలిన ముక్కలు కణంలో పేరుకుని ఇంటర్‌ఫెరాన్ స్పందనను నీరుగారుస్తాయి.

మెట్టు 7: మధ్యలో జరిగే మార్పులను మూడు గుంపులుగా విడదీయండి

మొదటి గుంపు, అక్షరాలు చేర్చడం. ఎబోలా జీపీ జీన్‌లో ఏడు యూరిడిన్ల వరస ఉంది. పాలిమరేజ్ ఉన్నదున్నట్టు చదివితే ఏడు ఎడినిన్లు వస్తాయి, కణం బయటికి వెళ్లిపోయే ఎస్‌జీపీ అనే ప్రొటీన్ తయారవుతుంది. అక్కడ జారి ఎనిమిదో ఎడినిన్ వేస్తే అక్షరాలను మూడేసిగా చదివే చట్రం మారి, వైరస్ పైపొర మీద ఉండే పూర్తి జీపీ తయారవుతుంది. ఎక్కువ భాగం మొదటిదే. తట్టు వైరస్ పీ జీన్‌లో ఇలాగే ఒక గ్వానిన్ అదనంగా చేరితే వీ అనే వేరే ప్రొటీన్ వస్తుంది, అది ఇంటర్‌ఫెరాన్‌ని అడ్డుకుంటుంది. తోక వేసేటప్పుడు జారిన పాలిమరేజ్ గుర్తుందా? ఇక్కడ జరిగేదీ ఆ జారుడే, కాకపోతే చాలా అదుపులో.

రెండో గుంపు, తప్పులు దిద్దడం. చాలా ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు తప్పులు దిద్దుకోలేవు. కరోనావైరస్ జీనోమ్ దాదాపు 30,000 న్యూక్లియోటైడ్లు, పోలియో కంటే నాలుగు రెట్లు. ఇంత పొడవుకు దిద్దుబాటు లేకపోతే కుదరదు. ఎన్‌ఎస్‌పీ14లో మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్ పక్కనే ఎక్సోన్యూక్లియేజ్ భాగం ఉంది, పోగు చివర పడిన తప్పు అక్షరాన్ని అది కోసేస్తుంది. పైన చెప్పిన ఎన్‌ఎస్‌పీ10 తోడుగా నిలిచేది ఈ భాగానికే.

మూడో గుంపు, ఆనవాళ్లు చెరపడం. కరోనావైరస్ ఎన్‌ఎస్‌పీ15 నెగెటివ్ పోగుల కొసనున్న యూరిడిన్ వరసలను కత్తిరించి ఎండీఏ5 కంట పడకుండా చేస్తుంది. లస్సా వైరస్ ఎన్‌పీ ప్రొటీన్ జంట పోగు ఆర్‌ఎన్‌ఏను కొరికి అదే ఫలితం సాధిస్తుంది.

ఇక్కడ ఒక హద్దు గీసుకోవాలి. వైరస్ ఆర్‌ఎన్‌ఏ మీద మార్పు కనిపించిందంటే అది వైరస్ ప్రొటీన్ పనే అని అర్థం కాదు. హెపటైటిస్-డెల్టా వైరస్‌లో ఒక ఎడినోసిన్‌ని ఇనోసిన్‌గా మార్చి, ఆగమనే సంకేతాన్ని అమైనో ఆమ్లం సంకేతంగా మార్చేది ఏడార్1 అనే కణం ఎంజైమ్. దానివల్లే 195 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ బదులు 214 అమైనో ఆమ్లాల పెద్దది వస్తుంది. హెచ్‌ఐవీ, జికా ఆర్‌ఎన్‌ఏల లోపల ఎడినిన్ల మీద కనిపించే మిథైళ్లు కూడా కణం ఎంజైమ్‌లు పెట్టినవే. నోట్స్‌లో వీటికి వేరే రంగు వాడండి.

మెట్టు 8: రుజువును పరీక్షించండి

ఫలానా ప్రొటీన్ ఫలానా మిథైల్ పెడుతుందని పేపర్‌లో కనిపిస్తే నేరుగా నమ్మేయకండి, మూడు విషయాలు వెతకండి. శుద్ధి చేసిన ప్రొటీన్‌తో టెస్ట్‌ట్యూబ్‌లో పని జరిగిందా? ఇందుకు సాధారణంగా క్యాప్ ఫాస్ఫేట్‌నో మిథైల్‌నో రేడియోధార్మికంగా గుర్తుపెట్టి, న్యూక్లియేజ్ పీ1తో ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసి, చెక్కుచెదరకుండా మిగిలిన క్యాప్‌ని పలుచని పొర క్రొమటోగ్రఫీ పలక మీద వేరుచేస్తారు. చురుకు స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారిస్తే పని ఆగిపోయిందా? 2 ప్రైమ్ మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్‌ల్లో లైసిన్, ఆస్పార్టేట్, లైసిన్, గ్లుటమేట్ అనే నాలుగు స్థిరంగా కనిపిస్తాయి, మార్పు వీటిలో ఒకదానిమీద ఉండాలి. చివరిది, కణంలోనో జంతువులోనో దాని ప్రభావం కనిపించిందా?

మూడో ప్రశ్నకు వెస్ట్ నైల్ వైరస్ మీద 2010లో వచ్చిన పని చక్కటి నమూనా. 2 ప్రైమ్ మిథైల్ పెట్టలేని వైరస్ మామూలు ఎలుకల్లో బలహీనపడింది. ఐఫిట్1 లేని ఎలుకల్లో మళ్లీ బలం పుంజుకుంది. మిథైల్ దేనికోసమో, ఎవరి నుంచి దాక్కోవడానికో ఆ రెండు ఫలితాలు కలిపి చూస్తే తేటతెల్లం.

టెస్ట్‌ట్యూబ్ రుజువు ఒక్కటే ఉంటే పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. ఎన్‌ఎస్‌పీ9 కథలో జరిగినట్టు, పని చేయగలగడం వేరు, కణంలో ఆ పని నిజంగా చేసేది అదేనని చూపించడం వేరు.

మెట్టు 9: రెండో కాగితం తీసుకోండి

ఇప్పుడు రోటావైరస్‌ను మీరే గీయండి. జంట పోగు ఆర్‌ఎన్‌ఏ, 11 ముక్కలు, ప్రతికృతి కణద్రవ్యంలో. కొత్త సందేశం (మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ) వైరస్ తొడుగు లోపలే తయారై బయటికొస్తుంది, కాబట్టి క్యాప్ తొడిగేది కూడా ఆ లోపలే ఉండాలి. వీపీ3 అనే ఒక్క ప్రొటీన్ గ్వానిన్ అతికించడం, రెండు మిథైళ్లు పెట్టడం చూసుకుంటుంది. అదే ప్రొటీన్‌లో కణం రక్షణ సంకేతంగా వాడే చిన్న ఎడినిన్ గొలుసులను తెంచే భాగం కూడా ఉంది. సందేశానికి పాలీ-ఎ తోక లేదు. మరి తోకను పట్టుకుని అనువాదాన్ని ఊపందించే పాలీ-ఎ బంధక ప్రొటీన్ పని ఎవరు చేస్తారో వెతికి రాయండి. మీ బొమ్మ సరిగ్గా ఉంటే కుడి కొసన ఎన్‌ఎస్‌పీ3 కనిపించాలి, అది ఒక చేత్తో ఆర్‌ఎన్‌ఏ చివరి నాలుగు అక్షరాలనూ ఇంకో చేత్తో అనువాదం మొదలుపెట్టడానికి తోడ్పడే కణం ప్రొటీన్ ఈఐఎఫ్4జీనీ పట్టుకుని ఉండాలి.